జూలీ స్థానంలో వరహాలు

మధురవాడ కొండవాలులో ఉన్న సాగరదీప్తి ఎన్‌క్లేవ్‌లో ఫ్లాట్లన్నీ కుక్కల పేరు మీద ఉంటాయి; మనుషులు వాటి మీద ఆధారపడిన కుటుంబసభ్యుల హోదాలో కాపురం చేస్తుంటారు. ఇందులో నొచ్చుకోవలసిందేమీ లేదు. యజమాని అన్న మాటను మర్యాద కోసం మనుషులకే ఉంచారు.

ఒకప్పుడు ఆ సంఘం మనుషులదే. నీళ్ళ ట్యాంకు కడిగించాలన్నా, లిఫ్టు బాగుచేయించాలన్నా సమావేశం పెట్టాలి, సమావేశానికి కోరం ఉండాలి. ఏనాడూ ఉండేది కాదు. వచ్చిన నలుగురూ పార్కింగు గురించి కుర్చీలు లేపేవారు. కుక్కలు మాత్రం ఎండనక వాననక రెండుపూటలా కిందికి దిగేవి, ఒకదాన్నొకటి వాసన చూసి పలకరించుకునేవి, ఎవరి చోటులో వాళ్ళు కూర్చునేవి. అందుకని కిందికి దిగేవాళ్ళే సభ్యులని నిబంధనలు సవరించారు. ఆ సవరణను వ్యతిరేకించడానికి కూడా ఎవరూ కిందికి దిగలేదు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదలేమని పెద్దలన్నారు గానీ, ఎన్‌క్లేవ్ మొత్తం ఆ తోక పట్టుకునే సుఖంగా ఈదుకొస్తోంది. ట్యాంకు వేళకు కడుగుతున్నారు.

నిబంధనల్లో కఠినమైనది ఒక్కటే. సభ్యులెవరూ మనుషుల మాట మాట్లాడకూడదు. ఒక్క మాట దొర్లినా సభ్యత్వం రద్దు, ఫ్లాటు ఖాళీ. మాటలొచ్చిన సభ్యులతో సంఘం ఎంత అవస్థ పడిందో గుర్తున్నవాళ్ళెవరూ దీన్ని తప్పుపట్టరు. ఇంతవరకూ ఏ కుక్కా దాన్ని ఉల్లంఘించలేదు.

ఎవరి పుట్టినరోజుకు వాళ్ళ గుమ్మం దగ్గరికి సంఘం తరఫున కేకు వస్తుంది. ఎవరి అంటే సభ్యుల. మనుషుల తేదీలు కూడా విడివిడిగా గుర్తుపెట్టుకోవడం భారం కాబట్టి, ఏటా ఒక ఆదివారం సభ్యులకూ యజమానులకూ కలిపి ఉమ్మడి పుట్టినరోజు పండుగ చేస్తారు. మరుసటి ఏడాదికి సభ్యత్వాలు పునరుద్ధరించేది కూడా ఆ పూటే. పండుగనాడు సభ్యులు హాజరుకాని ఫ్లాటుకు పునరుద్ధరణ ఉండదు.

ఆ ఏడాది పండుగ ఏర్పాట్ల సంఘానికి అధ్యక్షులు సీజర్ గారు. లాబ్రడార్, నిదానస్తులు. ఆయన తరఫున సంతకాలు పెట్టేది ఆయన మమ్మీ ఉమామహేశ్వరి. ఏర్పాట్లన్నీ భుజాన వేసుకుని తిరిగేది మాత్రం జూలీ డాడీ. ఈయన అసలు పేరు పొట్నూరి ధనుంజయరావు. నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. ఆఫీసులో ఫైలు కదపడానికి నెలలు తీసుకున్న మనిషి, పండుగ పని అనేసరికి లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లమీద పరుగెత్తేవాడు.

చర్చలు చాలానే జరిగాయి. చాక్లెట్ కుక్కలకు పడదు కాబట్టి అరటిపండు కలిపిన కేకు చేయించాలని, అదే యజమానులకూ పెట్టాలని నిర్ణయించారు. బెలూన్లు పేలితే సభ్యులు బెదురుతారని వాటిని కొట్టేశారు. పురోహితుడు శతమానం భవతి అని దీవించడం మీద కొంత గొడవైంది. కుక్క ఆయుష్షు పన్నెండో పదమూడో ఏళ్ళు, వందేళ్ళని దీవించడం ఎగతాళి చేసినట్టుంటుందని రాకీ గారి డాడీ అభ్యంతరం చెప్పాడు. చివరికి దీవెన యథాతథంగా సభ్యులకే ఇవ్వాలని, సభ్యులు వాడుకోగా మిగిలింది యజమానులు పంచుకోవచ్చని తీర్మానించారు. వచ్చినవాళ్ళకు ఇచ్చే కానుక విషయంలో రబ్బరు ఎముక కావాలని కొందరు, స్టీలు డబ్బా కావాలని ఆడవాళ్ళు పట్టుబట్టారు. స్టీలు డబ్బాలో రబ్బరు ఎముక పెట్టి ఇవ్వడంతో అది తేలిపోయింది. పండుగ పూట కుక్కకాటుకు చెప్పుదెబ్బ వంటి సామెతలు ఎవరూ వాడరాదని ఒక చీటీ లిఫ్టులో అంటించారు.

పందిరి వాడికి కబురు పెట్టిన మర్నాడు జూలీ చనిపోయింది. వయసు మీదపడ్డ పొమరేనియన్, పొద్దున లేవలేదు. ధనుంజయరావు వెక్కివెక్కి ఏడ్చాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఆయన ఇంతగా ఏడవలేదని భార్య వరహాలు గమనించింది. గమనించి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే లోపలికి వెళ్ళింది.

సాయంత్రానికి ఉమామహేశ్వరి, సీజర్ గారిని వెంటబెట్టుకుని పరామర్శకు వచ్చింది. కాసేపు జూలీ మంచితనం గురించి చెప్పి, కాఫీ తాగి, అసలు విషయం కదిపింది.

“నిబంధన నిబంధనేనండీ జూలీ డాడీ గారూ. సభ్యురాలు లేని ఫ్లాటుని ఎలా పునరుద్ధరిస్తాం? మీ బాధ నేను కాదనను. మా సీజర్ కూడా పొద్దుట్నించీ ముద్ద ముట్టలేదు.”

కొత్త కుక్కపిల్లను తెచ్చుకుంటే కుదరదు. ఎన్‌క్లేవ్‌లో ఏడాది నివాసం ఉంటేనే సభ్యత్వానికి అర్హత. పండుగేమో దగ్గర్లోనే ఉంది.

ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. ధనుంజయరావుకు ఆ ఫ్లాటు అంటే రిటైరయ్యాక దొరికిన పరువు. వరహాలుకు అంతకంటే పెద్దది. పెళ్ళయిన దగ్గర్నుంచి క్వార్టర్లలో, అద్దె ఇళ్ళలో గోడకు మేకు కొట్టాలన్నా ఎవరినో ఒకరిని అడగాల్సి వచ్చిన మనిషి ఆవిడ. ఈ ఇంట్లో దిగిన వారం రోజుల్లోనే తనిష్టం వచ్చినచోటల్లా మేకులు కొట్టుకుంది. కొన్నింటికి తగిలించడానికి ఇప్పటికీ ఏమీ లేదు. ఆ ఇల్లు పోతుందన్న మాట ఆవిడ లోపల్నుంచే వింది. వంటగది గట్టు పట్టుకుని నిలబడిపోయింది.

ధనుంజయరావు మాత్రం ఊరికే సర్వీసు చేయలేదు. మూడోనాటికల్లా కళ్ళు తుడుచుకుని, ఉమామహేశ్వరి ఇంటికి వెళ్ళి కారుణ్య నియామకం ప్రస్తావన తెచ్చాడు. ఉద్యోగంలో ఉండగా ఎవరైనా చనిపోతే వాళ్ళ మీద ఆధారపడిన కుటుంబసభ్యుల్లో ఒకరికి ఆ స్థానం ఇవ్వడం ప్రభుత్వంలోనే ఉంది. సంఘంలో ఎందుకు ఉండకూడదు?

“మా నాన్న పోతేనే నాకు ఉద్యోగం వచ్చిందండీ. ఇప్పుడు జూలీ పోతే ఇంట్లోవాళ్ళకి రాకూడదా?” అన్నాడు.

ఉమామహేశ్వరి ఆలోచించింది. సీజర్ గారి వైపు చూసింది. సీజర్ గారు ఆవులించారు. దాన్ని సూత్రప్రాయమైన అంగీకారంగా నమోదు చేశారు.

ఆ స్థానంలోకి ఎవరు వెళ్ళాలన్నదానిపై పెద్ద మీమాంస ఏమీ రాలేదు. ధనుంజయరావు ముందుకొచ్చాడు గానీ, పెన్షన్ తీసుకుంటున్నవాడు రెండో పదవిలో చేరకూడదు. పైగా జూలీది ఆడవాళ్ళ కోటా. పూనేలో ఉన్న కూతురు సౌదామిని ఫోన్‌లో విని, తనకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఉందని, మనసుకు కష్టంగా ఉన్నా రాలేనని చెప్పింది. ఇక మిగిలింది వరహాలు. కారుణ్య నియామకంలో మిగతా కుటుంబసభ్యులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. నియామకం పొందేవాళ్ళ అభ్యంతరం అడగాలని ఎక్కడా లేదు. తండ్రీ కూతురూ రాసిచ్చారు.

వరహాలు అడిగింది ఒక్కటే ప్రశ్న.

“మరైతే వంటెవరు చేస్తారండీ?”

“ముందు కొంప నిలబడనీవే,” అన్నాడు ధనుంజయరావు.

ఆవిడ మనుషుల మాటల్లో మాట్లాడిన చివరి వాక్యం ఆ ప్రశ్నే. మర్నాడు చార్జి తీసుకుంది.

చేరేముందు దేహదారుఢ్య పరీక్ష ఉంటుంది. సంఘానికి వచ్చే పశువుల డాక్టరు ఆవిడను టేబుల్ మీద కూర్చోబెట్టి కళ్ళు, చిగుళ్ళు, గోళ్ళు చూశాడు. మోకాళ్ళు వంచి చూసేసరికి ఆవిడ మొహం ముడుచుకుపోయింది. డాక్టరుకు కోపం వచ్చింది.

“ఈ మోకాళ్ళతో ఇన్నాళ్ళూ ఇంటిచాకిరీ చేయించారా? ఒంట్లో రక్తం కూడా లేదు. మూగజీవం కదండీ, నోరు తెరిచి చెప్పుకోలేదు. మనమే కనిపెట్టుకోవాలి.”

ధనుంజయరావు తల దించుకున్నాడు. ఆ మోకాళ్ళ గురించి వరహాలు చాలా ఏళ్ళుగా చెబుతూనే ఉంది. వయసొచ్చాక నొప్పులు అందరికీ ఉంటాయని ఆయనా చెబుతూనే ఉన్నాడు. కానీ డాక్టరు చెప్పడం వేరు. ఆ సాయంత్రమే మందులు తెచ్చి, మాత్రను అరటిపండు ముక్కలో దూర్చి నోటికందించాడు. మింగేదాకా ఎదురుగా నిలబడ్డాడు.

మెడకు నీలం రంగు బెల్టు వచ్చింది. మెడలో అప్పటికే ఒకటి ఉన్న మనిషి కాబట్టి కొత్తగా అలవాటు పడాల్సిన పని ఎక్కువ పడలేదు. నాలుగు కాళ్ళ మీద నడవాలన్న నియమాన్ని మోకాళ్ళ దృష్ట్యా సడలించి, రెండు కాళ్ళతో నడిచే వెసులుబాటు ఇచ్చారు.

ఉద్యోగం కష్టమైనదేం కాదు. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి ధనుంజయరావు ఆవిడను బయటికి తీసుకెళ్ళాలి. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ పనేమీ లేకుండా పక్కపక్కన నడవడం అదే మొదటిసారి. బి బ్లాకు వెనకాల గన్నేరు చెట్లున్నాయని, గోడ పక్కన ఎత్తు మీద నిలబడితే సముద్రం కనిపిస్తుందని వరహాలుకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ ఆవిడ చూసిన సముద్రం వంటగది కిటికీ ఊచల్లోంచి వేలెడంత నీలం. అక్కడ ఎంతసేపు నిలబడితే అంతసేపు ధనుంజయరావు కూడా ఆగేవాడు. తాడు లాగి తొందరపెట్టడం క్రూరత్వమని నిబంధనల్లో ఉంది.

ఎదురైనవాళ్ళు ఆగి పలకరించేవారు. అంతకుముందు లిఫ్టులో ఆవిడను చూసి ఫోన్లలోకి తల దించుకున్నవాళ్ళే ఇప్పుడు వంగి చూసి, పేరేమిటండీ అని అడిగేవారు. వరహాలు అని ధనుంజయరావు చెప్పేవాడు. ఇంట్లో ఆయన ఆవిడను ఏమే, ఒసే, ఇదిగో అనడమే గాని పేరు పెట్టి పిలిచింది లేదు. మొదట్లో ఆ మాట చెప్పడానికి నాలుక తడబడేది. నాలుగు రోజులకు అలవాటైంది. చక్కటి పేరు అనేవారు. తిందా, పడుకుందా, హుషారుగా ఉందా అని అడిగేవారు. ఇన్ని ప్రశ్నలు తన గురించేనని నమ్మడానికి ఆవిడకు కొంతకాలం పట్టింది. నమ్మాక మాత్రం, సాయంత్రమయ్యేసరికి బెల్టు తనే తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చునేది.

వంట ధనుంజయరావు మీద పడింది. తనకు కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్నా, సభ్యురాలి తిండి మాత్రం ఇంట్లో వండి వేళకు పెట్టాలి. మొదటిరోజు అన్నం అడుగంటింది. కిందటి నెల వరకూ ఉప్పు తగ్గిందని కంచం తోసేసిన మనిషి, ఉప్పు ఎక్కువైందేమోనని ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. వరహాలుకు నాలుక చివరి దాకా సలహా వచ్చింది. మింగేసింది. ఇల్లు నిలబెట్టుకోవాలి కదా. పెళ్ళికి ముందు అమ్మ కూడా ఇలాంటి మాటే చెప్పింది, నోరు అదుపులో పెట్టుకుంటే ఇల్లు నిలబడుతుందని. ఆ లెక్కన ఆవిడకు ఈ ఉద్యోగంలో అనుభవం లేకపోలేదు.

పండుగ ఆదివారం వచ్చింది. పందిరి వేసి, సన్నాయి పెట్టి, వేదిక వెనక పెద్ద బ్యానరు కట్టారు. సభ్యుల ఫొటోలు పెద్దవిగా, యజమానులవి అడుగున తపాలా బిళ్ళల సైజులో ఉన్నాయి. ముందు వరసలో సభ్యులకు పరుపులు, వెనక యజమానులకు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సభ్యులందరికీ బొట్టు పెట్టి, హారతి దూరం నుంచి చూపించారు. సీజర్ గారికీ రాకీ గారికీ మధ్య పరుపు మీద వరహాలు పట్టుచీర కట్టుకుని, బెల్టు పెట్టుకుని కూర్చుంది. బాగుందని అందరూ అన్నారు.

కేకుకు ముందు పునరుద్ధరణ. కిందటేడు ఎవరో అద్దెకు తెచ్చిన కుక్కతో పని కానిచ్చారని తేలడంతో, ఈసారి కొత్త పద్ధతి పెట్టారు. యజమాని మైకు దగ్గరికి వచ్చి, సభ్యుల పేరు, పుట్టినతేదీ, ఇష్టమైన తిండి చూడకుండా చెప్పాలి. సొంత ప్రాణమైతే ఇవి తెలియకుండా ఉండవు. తెలియకపోతే ఆ సభ్యత్వం బోగస్ కింద లెక్క, నెల తిరిగేలోగా ఇల్లు ఖాళీ చేయాలి.

అందరూ గడగడా చెప్పేస్తున్నారు. సీజర్ గారి తేదీతోపాటు పుట్టిన వేళ, తల్లి పేరు కూడా ఉమామహేశ్వరి చెప్పింది. రాకీ గారికి పెరుగన్నంలో మీగడ ఉంటేనే ఇష్టమని చెబుతూ వాళ్ళ డాడీ కంటతడి పెట్టుకున్నాడు. పిల్లల పుట్టినతేదీలు ఆధార్ కార్డు తీసి చూసే తండ్రులు కూడా ఇక్కడ ఎక్కడా తడబడలేదు.

ధనుంజయరావును పిలిచారు. ఆయన ధీమాగా వెళ్ళి మైకు పట్టుకున్నాడు. పొట్నూరి వరహాలు అని స్పష్టంగా చెప్పాడు.

“పుట్టినతేదీ?” అంది ఉమామహేశ్వరి.

ఆయనకు అప్పుడు తెలిసింది తనకు తెలియదని. ఇన్నేళ్ళలో అది ఎప్పుడూ అవసరం రాలేదు. రేషన్ కార్డులో ఉజ్జాయింపుగా జనవరి ఒకటో తేదీ అని ఉంది. అది చెబితే ఉజ్జాయింపని అందరికీ తెలిసిపోతుంది, ఎందుకంటే అక్కడున్న సగంమంది ఆడవాళ్ళది అదే తేదీ.

ఆయన తల వరహాలు వైపు తిరిగింది. కావాలని తిప్పింది కాదు, అలవాటు. కళ్ళజోడు ఎక్కడుందో, బావమరిది కొడుకు పేరేమిటో, రక్తపోటు మాత్ర వేసుకున్నాడో లేదో, ఏది గుర్తురాకపోయినా ఆయన తల అటు తిరిగేది. అటునుంచి సమాధానం వచ్చేది. వరహాలుకూ అది అలవాటే. ఆవిడ నోరు తెరుచుకుంది.

ఆవిడ పుట్టింది నాగులచవితి వెళ్ళిన మర్నాడు. పుట్టలో పోసిన పాలు ఆరకముందే పుట్టావని అమ్మ చెప్పేది. పెళ్ళయిన మొదటి ఏడు ఆ రోజున ఆవిడ తలంటు పోసుకుని, మొగుడు అడుగుతాడేమోనని సాయంత్రం దాకా చూసింది. తర్వాత చూడటం మానేసింది. ఇప్పుడు పందిరి నిండా జనం, మైకులో ఆ ప్రశ్న, ఆయన కళ్ళలో బెదురు. నాలుగు మాటలు చెబితే చాలు. ఆ నాలుగు మాటలకీ ఇల్లు పోతుంది.

వరహాలు నోరు మూసుకుంది. 

“ఆగస్టు పదిహేడు,” అన్నాడు ధనుంజయరావు.

అది జూలీ పుట్టినరోజు. ఏటా తప్పకుండా చేసినది కాబట్టి నోటికి వచ్చింది.

“ఇష్టమైన తిండి?”

“ఉడకబెట్టిన చికెన్‌లో క్యారెట్ ముక్కలు,” అన్నాడు ఈసారి తడుముకోకుండా.

వరహాలు పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. జూలీకి అది వండేటప్పుడు కూడా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఇష్టమైన తిండి ఏమిటన్నది ఆవిడకే సరిగ్గా గుర్తులేదు. ఇంట్లో అందరూ తిన్నాక ఏది మిగిలితే అది ఇష్టపడుతూ వచ్చింది. ఆ తేదీకి సంఘం ఏటా ఆ గుమ్మానికే కేకు పంపుతోంది కాబట్టి ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. అభ్యంతరముంటే సభ్యురాలు తెలపవచ్చని ఉమామహేశ్వరి నియమం ప్రకారం అడిగి, కొన్ని క్షణాలు ఆగింది.  ఆవిడ మౌనాన్ని సభ్యురాలి అంగీకారంగా రాసుకుని పునరుద్ధరించారు. చప్పట్లు కొట్టారు. సన్నాయి మోగింది. ధనుంజయరావు వేదిక దిగి వచ్చి, చెమట తుడుచుకుని, ఆవిడ తల నిమిరి గుడ్ గర్ల్ అన్నాడు. ఆవిడను ఎవరైనా మంచిదని అనడం, అదీ నలుగురిలో, ఆవిడకు తెలిసి అదే మొదలు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముసలితనంలో అలా కళ్ళు కారుతుంటాయని, చుక్కల మందు రాస్తానని పండుగకు వచ్చిన పశువుల డాక్టరు చెప్పాడు.

ఆగస్టు పదిహేడున పొద్దున్నే సంఘం వాళ్ళు కేకుతో గుమ్మం దగ్గరికి వచ్చి పాట పాడారు. ధనుంజయరావు దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆవిడకు కొత్తచీర తెచ్చాడు. ఎన్‌క్లేవ్ గ్రూపులో ఫొటోలు చూసి సౌదామిని ఫోన్ చేసింది.

“అమ్మ పుట్టినరోజు ఇవాళని నాకు తెలియనే తెలియదు నాన్నా. ఒక్కసారి స్పీకర్లో పెట్టు.”

పెట్టాడు. కూతురు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పింది, ఆరోగ్యం జాగ్రత్త అంది, వచ్చే ఏడు తప్పకుండా వస్తానంది. వరహాలు పళ్ళెం ముందు కూర్చుని, చికెన్ పక్కకు నెట్టి క్యారెట్ ముక్కలు ఏరుకు తింటూ విన్నది. తేదీ తప్పే. అయినా ఒక తేదీ అంటూ ఉంది, దానికి ఇంతమంది వచ్చారు. ఆవిడ దిద్దలేదు.

ఆ నెలాఖరులోగా ఎన్‌క్లేవ్‌లోని నలుగురు ఆడవాళ్ళు ఎవరికి వాళ్ళు విడివిడిగా ఉమామహేశ్వరి దగ్గరికి వచ్చి, కారుణ్య నియామకానికి ఏమేం కావాలో వాకబు చేసి వెళ్ళారు. వాళ్ళ ఇళ్ళలో కుక్కలన్నీ నిక్షేపంలా ఉన్నాయి.